నిద్రపోని ఉప్పు

రియాక్టరు ఆపేశారు. ఇంధనాన్ని ట్యాంకుల్లోకి దించి గడ్డకట్టించారు. పాతికేళ్ల తరవాత పరీక్షిస్తే... ట్యాంకులో ఉండాల్సిన యురేనియంలో కొంత దూరంగా ఉన్న బొగ్గు గదిలో తేలింది! ఎవరూ కదపలేదు. మరి ఎలా వెళ్లింది? ద్రవ ఇంధనంతో నడిచే రియాక్టర్లు మళ్లీ వార్తల్లోకి వస్తున్న ఈ రోజుల్లో తప్పక తెలుసుకోవాల్సిన కథ ఇది.

కట్టెల పొయ్యి మీద వండిన ప్రతి ఇంటికీ తెలిసిన సంగతే... వంట కావడం ఒక పని, బూడిద తీయడం మరో పని. బూడిద తీయకపోతే పొయ్యి సరిగా మండదు. నిప్పు ఆరిందనుకుని ఎత్తిపోస్తే లోపల దాగిన నిప్పురవ్వ కొంప ముంచుతుంది. అణు రియాక్టరు కూడా ఒక పొయ్యే. దానికీ బూడిద ఉంది. కాకపోతే అది పొయ్యి ఆరిపోయాక కూడా ఏళ్ల తరబడి వేడిని, కిరణాలను విడుస్తూనే ఉంటుంది.

ఈ బూడిద ఎలా పుడుతుంది? యురేనియం కేంద్రకానికి న్యూట్రాన్ తగిలితే అది రెండు ముక్కలవుతుంది. బోలెడంత వేడి పుడుతుంది. ఆ ముక్కలే బూడిద. శాస్త్రవేత్తలు వాటిని విచ్ఛిత్తి ఉత్పన్నాలు అంటారు. కేంద్రకం ప్రతిసారీ ఒకేలా చీలదు. ఒకసారి అయోడిన్ పుడితే మరోసారి సీసియం, ఇంకోసారి జినాన్. ఇలా ముప్పైకి పైగా మూలకాలు పుడతాయి. అందులో వాయువులున్నాయి, లోహాలున్నాయి, ఉప్పులా కరిగిపోయేవీ ఉన్నాయి. 1986లో చెర్నోబిల్‌లోనూ, 2011లో ఫుకుషిమాలోనూ బయటికొచ్చి ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేయించింది ప్రధానంగా ఈ బూడిదే. అందుకే ఏ రియాక్టరును చూసినా మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటే... బూడిద ఎక్కడికి వెళ్తోంది?

ఇప్పుడు నడుస్తున్న మామూలు అణు విద్యుత్ కేంద్రాల్లో దీనికి సూటిగా జవాబు ఉంది. యురేనియం ఆక్సైడు పొడిని బిళ్లలుగా నొక్కి, కొలిమిలో కాల్చి, జిర్కోనియం మిశ్రలోహపు గొట్టాల్లో పేర్చి మూత బిగిస్తారు. మన దేశంలోని చాలా రియాక్టర్లకు ఆ పని హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ చేస్తోంది. బూడిదలో ఎక్కువ భాగం పుట్టిన చోటే, అంటే బిళ్లలోనే చిక్కుకుపోతుంది. బిళ్ల దాటి వచ్చిన వాయువులను గొట్టం ఆపుతుంది. అయితే బూడిద పేరుకునే కొద్దీ బిళ్లలు ఉబ్బుతాయి, పగుళ్లిస్తాయి. గొట్టంలో వాయువుల ఒత్తిడి పెరుగుతుంది. న్యూట్రాన్లను మింగే మూలకాలు ఎక్కువవుతాయి. చివరికి ఇంకా మండగలిగే సరుకు మిగిలి ఉండగానే ఆ ఇంధనాన్ని బయటికి తీయాల్సి వస్తుంది.

ఇంధనం బిళ్లలా కాకుండా పాకంలా ఉంటే? బూడిదను ఎప్పటికప్పుడు తీసేయవచ్చు కదా! ఇదే ఆలోచన అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో ఉన్న ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల వాళ్లకు వచ్చింది.

పొయ్యిలోనే పాకం

మొదట ఇది విమానాల కోసం పుట్టింది. అణుశక్తితో రోజుల తరబడి ఎగిరే బాంబర్ విమానం కావాలని అమెరికా సైన్యం కలలుగన్న కాలమది. 1954లో ఓక్ రిడ్జ్‌లో కరిగిన ఉప్పును ఇంధనంగా వాడే చిన్న రియాక్టరును కొద్దిరోజులు నడిపి చూశారు. విమానం కల తీరలేదు కానీ ఉప్పు ఆలోచన మిగిలింది. ప్రయోగశాల డైరెక్టరు ఆల్విన్ వీన్‌బర్గ్‌కు అది బాగా నచ్చింది. కరెంటు కోసం దీన్ని ఎందుకు వాడకూడదన్న ప్రశ్నతో మరో ప్రయోగాత్మక రియాక్టరు కట్టారు. 1965 జూన్ 1న అందులో గొలుసు చర్య మొదలైంది.

ఉప్పంటే వంటింట్లో వాడే ఉప్పు కాదు. లిథియం, బెరీలియం, జిర్కోనియం ఫ్లోరైడ్ల మిశ్రమంలో కొద్దిగా యురేనియం ఫ్లోరైడు కలిపారు. 434 డిగ్రీల సెల్సియస్ దాటితే ఇది పూర్తిగా కరిగి ద్రవమవుతుంది. రియాక్టరులో 650 డిగ్రీల దగ్గర పారుతుంది. అంత వేడిలోనూ మరగదు కాబట్టి నీటి రియాక్టర్లలోలా విపరీతమైన ఒత్తిడి ఉండదు. నికెల్ ప్రధానంగా ఉండే హాస్టెల్లాయ్-ఎన్ అనే ప్రత్యేక మిశ్రలోహంతో పాత్రను, గొట్టాలను చేశారు. మధ్యలో గ్రాఫైట్ దిమ్మెలు. ఉప్పు ఆ దిమ్మెల సందుల్లోంచి పారేటప్పుడు గొలుసు చర్య జరిగి వేడెక్కుతుంది. బయటికి వచ్చి ఆ వేడిని ఇచ్చేసి మళ్లీ లోపలికి పోతుంది.

అడుగున ఒక చక్కని ఏర్పాటు ఉంది. ట్యాంకుల్లోకి దారితీసే గొట్టంలో ఒకచోట ఉప్పునే గడ్డకట్టించి బిరడాలా వాడారు. దాని మీదికి గాలి ఊదుతూ ఉంటే గడ్డగానే ఉంటుంది. గాలి ఆగిందా... బిరడా కరిగి ఇంధనమంతా తనంతట తానే కింది ట్యాంకుల్లోకి దిగిపోతుంది.

ఈ రియాక్టరు కరెంటు పుట్టించలేదు. సుమారు 8 మెగావాట్ల వేడిని మాత్రం ఇచ్చింది. 1969 డిసెంబరు 12న ఆపేసే నాటికి 17,600 గంటలకు పైగా గొలుసు చర్య సాగింది. ఈ మధ్యలో శాస్త్రవేత్తలు చేసిన అసలు పని... బూడిదను వెంబడించడం! పంపు గిన్నెలోకి చిన్న రాగి గరిటెలాంటిది దించి, అటూ ఇటూ పది గ్రాముల ఉప్పు తోడి, మందపాటి రక్షణ గోడల చాటున పరీక్షించేవారు. పులుసు ఉడికిందో లేదో గరిటెతో తీసి చూసినట్టన్నమాట. గ్రాఫైట్ ముక్కలు, లోహపు ముక్కలు లోపల వేలాడదీసి, కొన్నాళ్లకు తీసి వాటికి ఏం అంటుకుందో చూసేవారు. ఆ లెక్కలన్నీ కలిపి 1975లో ఒక పెద్ద నివేదిక వెలువరించారు. తేలిందేమిటంటే... బూడిద మూడు దారులు పట్టింది.

గాలికి పోయేవి

మొదటి గుంపు జినాన్, క్రిప్టాన్. ఇవి జడవాయువులు. సాధారణంగా దేనితోనూ కలవవు, ఉప్పులో దాదాపు కరగవు. వీటిలో జినాన్-135 మహా తిండిపోతు. న్యూట్రాన్లను దానంతగా మింగేది రియాక్టరులో మరొకటి లేదు. ఈ సంగతి మనుషులకు తెలిసింది 1944 సెప్టెంబరులో. అమెరికాలోని హాన్‌ఫోర్డ్‌లో ప్లుటోనియం కోసం కట్టిన పెద్ద రియాక్టరు మొదలైన కొన్ని గంటలకే దానంతట అది నీరసించి ఆగిపోయింది. కొన్ని గంటలు పోయాక మళ్లీ లేచింది. ఎందుకని తలలు పట్టుకున్న ఎన్రికో ఫెర్మీ, జాన్ వీలర్ వంటి ఉద్దండులు చివరికి పట్టుకున్న దొంగ జినాన్-135.

బిళ్లల ఇంధనంలో ఈ జినాన్ లోపలే కూర్చుంటుంది. పాకంలో అలా కాదు. ఓక్ రిడ్జ్‌లో పంపు గిన్నెలో ఉప్పును జల్లులా చిమ్ముతూ దాని మీదుగా హీలియం వాయువును పోనిచ్చారు. హీలియం జినాన్‌ను వెంటబెట్టుకుని బయటికి పోయింది. గొట్టాల వెంట వెళ్లి బొగ్గు నింపిన గదుల్లో చిక్కింది. అక్కడ రోజుల తరబడి ఆగి, దాని రేడియోధార్మికత చాలావరకు తగ్గాకే ముందుకు కదిలేది. రియాక్టరులో జినాన్ బెడద ముందుగా వేసిన అంచనాల కన్నా తక్కువగానే తేలింది.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఈ వాయువులు ఎప్పటికీ వాయువులుగా ఉండవు. జినాన్-137 నాలుగు నిమిషాల్లోపే సగం సీసియం-137గా మారిపోతుంది. క్రిప్టాన్-89 కూడా నిమిషాల్లోనే మారడం మొదలుపెట్టి, చివరికి స్ట్రాన్షియం-89 అవుతుంది. అంటే వాయువుగా గొట్టంలోకి వెళ్లినది దారిలోనే ఘనపదార్థంగా మారి అక్కడే అంటుకుంటుంది. ఉప్పులో ఉండాల్సిన సీసియంలో కొంత వాయువుల గొట్టంలో తేలడానికి కారణం ఇదే. బూడిద ఎక్కడుందో చెప్పాలంటే దాని అమ్మానాన్నలు ఎటు వెళ్లారో కూడా చూడాలి!

ఉప్పులో కలిసేవి

రెండో గుంపు బుద్ధిమంతులది. సీసియం, స్ట్రాన్షియం, బేరియం, జిర్కోనియం, అరుదైన మృత్తికా లోహాలు... ఇవన్నీ ఫ్లోరిన్‌తో గట్టిగా ముడిపడి ఫ్లోరైడ్లుగా ఉప్పులోనే కరిగి ఉంటాయి. అయోడిన్ కూడా ఎక్కువగా అయోడైడు రూపంలో ఉప్పులోనే ఉంటుంది.

ద్రవ ఇంధనాన్ని సమర్థించేవాళ్లు ముందుగా చూపించేది ఈ గుంపునే. ప్రమాదాల్లో జనాన్ని ఎక్కువగా భయపెట్టేవి అయోడిన్, సీసియం. ఇవి ఉప్పులో కరిగి ఉంటే గాల్లోకి లేవడం కష్టం. ఒకవేళ గొట్టం పగిలి ఉప్పు కారినా, చల్లారగానే గడ్డకట్టి, వాటిలో చాలా భాగాన్ని తనలోనే పట్టి ఉంచుతుంది. ఇది నిజంగా పెద్ద సుగుణమే. అయితే ఏళ్లు గడిచే కొద్దీ ఈ మూలకాలు ఉప్పులో పేరుకుంటాయి. కొన్ని న్యూట్రాన్లను తింటాయి కూడా. ఎప్పుడో ఒకప్పుడు ఉప్పును శుద్ధి చేయక తప్పదు. ఆ శుద్ధి కర్మాగారం రియాక్టరు కన్నా తేలికైన పనేమీ కాదు.

గోడలకు అంటేవి

మూడో గుంపే పెంకిది. మాలిబ్డినం, రుథీనియం, టెక్నీషియం, రోడియం, పల్లాడియం, టెల్లూరియం లాంటివి. ఇవి బంగారం, ప్లాటినంలాంటి స్వభావం ఉన్నవి. ఫ్లోరిన్‌తో స్నేహం చేయవు. ఉప్పులో కరగకుండా సూక్ష్మమైన లోహపు రేణువులుగా తిరుగుతాయి. ఎక్కడ గోడ దొరికితే అక్కడ అంటుకుంటాయి. గ్రాఫైట్ మీద, గొట్టాల లోపల, పంపు గిన్నెలో, ఉప్పు మీద తేలే బుడగల మీద కూడా. పాలు కాచిన గిన్నెకు అడుగంటినట్టు.

అంటుకుంటే నష్టమేంటి? ఇవి కూడా రేడియోధార్మికమైనవే, వేడి విడుస్తూనే ఉంటాయి. అత్యవసరంలో ఇంధనాన్నంతా కింది ట్యాంకుల్లోకి దించేసినా గోడలకు అంటిన ఈ పూత పైనే ఉండిపోతుంది. పంపో, వేడి మార్చే యంత్రమో మరమ్మతు చేయాలంటే దగ్గరికి వెళ్లే వీలుండదు. పెద్ద రియాక్టరు కట్టాలనుకునేవాళ్లు ముందుగా లెక్కకట్టాల్సిన విషయమిది.

నయోబియం అయితే మరీ చిత్రం. ఒకరోజు ఉప్పులో కనిపించేది, మరో రోజు గోడ మీద. ఎందుకలా అని ఆరా తీస్తే అది ఉప్పు 'రుచి'ని బట్టి మారుతోందని తేలింది.

రుచి చూస్తూ ఉండాలి

యురేనియం ఫ్లోరైడులో ఒక్కో యురేనియం చుట్టూ నాలుగు ఫ్లోరిన్లు ఉంటాయి. యురేనియం చీలిపోగానే ఆ నాలుగూ విడిపోతాయి. పుట్టిన ముక్కలు వాటన్నిటినీ తీసుకోవు. జడవాయువులు, పెంకి లోహాలు అసలే తీసుకోవు. కాబట్టి రియాక్టరు నడిచే కొద్దీ ఉప్పులో ఫ్లోరిన్ ఘాటు పెరుగుతుంది. ఘాటు పెరిగిన ఉప్పు ఊరుకోదు. గొట్టాల లోహంలో ఉన్న క్రోమియంను కొరకడం మొదలుపెడుతుంది.

దీనికి ఓక్ రిడ్జ్ వాళ్లు కనిపెట్టిన ఉపాయం వంటింటి ఉపాయమే. పులుపు ఎక్కువైతే చిటికెడు బెల్లం వేసినట్టు, పంపు గిన్నెలోకి బెరీలియం లోహపు కడ్డీని కాసేపు దించేవారు. బెరీలియం ఎక్కువైన ఫ్లోరిన్‌ను తీసుకుని తాను కూడా ఉప్పులో భాగమైపోతుంది. యురేనియంలో వందకు ఒక వంతు మూడు ఫ్లోరిన్లున్న రూపంలో ఉంటే ఉప్పు శాంతంగా ఉన్నట్టు లెక్క. ఉప్పులో క్రోమియం ఎంత చేరిందో కొలుస్తూ ఉంటే లోహం ఎంత అరిగిందో తెలిసిపోయేది.

ఇంత జాగ్రత్తపడినా ఒక దెబ్బ తప్పలేదు. రియాక్టరు ఆపేశాక లోపలి భాగాలను కోసి చూస్తే ఉప్పు తగిలిన లోహం అంచుల్లో సన్నని పగుళ్లు కనిపించాయి. కారణం టెల్లూరియం. బూడిదలో దాని వాటా చాలా తక్కువ. కానీ లోహపు రేణువుల మధ్య సందుల్లోకి చొరబడి వాటి పట్టును సడలించింది. ఇటుకల గోడలో సున్నం రాలిపోయినట్టు. 1970ల్లో దీనికి రెండు మందులు కనిపెట్టారు. మిశ్రలోహంలో ఒకటి రెండు శాతం నయోబియం కలపడం, ఉప్పు ఘాటును ఇంకా తక్కువలో ఉంచడం. ప్రయోగశాలలో రెండూ పనిచేశాయి. అసలు రియాక్టరులో పరీక్షించే అవకాశం మాత్రం ఓక్ రిడ్జ్‌కు దక్కలేదు. నిధులు ఆగి, 1976తో ఆ కార్యక్రమమే ముగిసిపోయింది.

పాతికేళ్ల తరవాత...

ఈ కథలో అందరూ గుర్తుంచుకోవాల్సిన అధ్యాయం ఇప్పుడు మొదలవుతుంది.

దానికి ముందు 1968లోకి ఒకసారి వెళ్లాలి. ఆ ఏడాది ఆగస్టులో రియాక్టరు ఇంధనాన్ని మార్చారు. ఉప్పులోకి ఫ్లోరిన్ వాయువును బుడగలుగా పంపితే, నాలుగు ఫ్లోరిన్ల యురేనియం ఆరు ఫ్లోరిన్లదిగా మారుతుంది. అది తేలిగ్గా వాయువైపోతుంది. అలా కొద్దిరోజుల్లోనే యురేనియాన్ని ఉప్పు నుంచి ఊడ్చేశారు. దాని బదులు థోరియం నుంచి తయారయ్యే యురేనియం-233 కలిపారు. అక్టోబరు 8న, ఆ యురేనియం-233ను కనిపెట్టినవారిలో ఒకరైన నోబెల్ గ్రహీత గ్లెన్ సీబోర్గ్ చేతులమీదుగా రియాక్టరు దానితో శక్తినివ్వడం మొదలైంది. ప్రపంచంలో యురేనియం-233తో నడిచిన మొదటి రియాక్టరు అదే.

1969 డిసెంబరులో ఆపేశాక సుమారు 37 కిలోల యురేనియం, నాలుగేళ్ల బూడిద కలిసిన ఉప్పును ట్యాంకుల్లోకి దించి చల్లార్చారు. రాయిలా గడ్డకట్టింది. ఇక కదలదు కదా అనుకున్నారు.

కానీ బూడిద నిద్రపోలేదు. అది విడిచే కిరణాలు ఉప్పులోని ఫ్లోరైడ్లను తాకి ఫ్లోరిన్‌ను విడగొడుతూనే ఉన్నాయి. ఉప్పు కరిగి ఉన్నప్పుడు విడిపోయిన ఫ్లోరిన్ వెంటనే మళ్లీ కలిసిపోతుంది. చల్లగా గడ్డకట్టి ఉన్నప్పుడు ఆ వీలు లేదు. శాస్త్రవేత్తలకు ఈ సంగతి ముందే తెలుసు. అందుకే ఏటా ఒకసారి ఉప్పును కరగనంత మేరకు వేడి చేసి, ఫ్లోరిన్ తిరిగి కలిసేలా చూసేవారు. అదే సరిపోతుందనుకున్నారు.

1994లో గొట్టాల్లోని వాయువును తీసి పరీక్షించారు. అందులో ఫ్లోరిన్ ఉంది. దానితోపాటు ఆరు ఫ్లోరిన్ల యురేనియం వాయువు కూడా ఉంది! 1968లో మనుషులు కావాలని చేసిన పనినే గడ్డకట్టిన ఉప్పు ఏళ్ల తరబడి మెల్లమెల్లగా తనంతట తాను చేసుకుంది. విడివడిన ఫ్లోరిన్ యురేనియాన్ని వాయువుగా మార్చింది. ఆ వాయువు ఒకప్పుడు జినాన్ నడిచిన దారినే పట్టి బొగ్గు గదికి చేరింది. అక్కడ సుమారు 2.6 కిలోల యురేనియం పోగైనట్టు లెక్క తేలింది.

రెండున్నర కిలోలే కదా అనిపించవచ్చు. కానీ యురేనియం-233 కొద్ది మొత్తంలోనే గొలుసు చర్యకు దిగగలదు. చుట్టూ నీరుంటే ఇంకా సులువు. ఆ బొగ్గు తొట్టె ఉన్న గదిలో నీరు నింపి ఉంది! వెంటనే ఆ నీటిని తోడేశారు. మరో బెడద బొగ్గు. ఫ్లోరిన్ పీల్చిన బొగ్గు ఒక్కసారిగా విచ్ఛిన్నమై పేలే ప్రమాదం ఉంటుంది. దాన్ని ముందు శాంతింపజేసి, తరవాత ఎంతో జాగ్రత్తగా తీయాల్సి వచ్చింది. ట్యాంకుల్లో మిగిలిన యురేనియాన్ని తీసే పని 2000 దశకంలో జరిగింది. బూడిద కలిసిన ఉప్పు మాత్రం ఆ తరవాత కూడా ట్యాంకుల్లోనే ఉండిపోయింది. రియాక్టరు నడిచింది నాలుగేళ్లు. దాని బూడిదను చూసుకోవడానికి యాభై ఏళ్లు కూడా సరిపోలేదు.

అదృష్టవశాత్తూ ఎవరికీ ఏమీ కాలేదు. అసలు లోపం రియాక్టరు నడపడంలో లేదు. అది చక్కగానే నడిచింది. ఆపేశాక బూడిదకు శాశ్వత స్థానం చూపకుండా 'తరవాత చూద్దాం' అనుకోవడంలోనే ఉంది.

ఇప్పుడెందుకు?

ఎందుకంటే ఆ పాకం మళ్లీ పొయ్యి ఎక్కింది. చైనా 2011లో ఈ పరిశోధన మొదలుపెట్టింది. గాన్సు రాష్ట్రంలోని వూవే దగ్గర ఎడారి ప్రాంతంలో 2 మెగావాట్ల ప్రయోగాత్మక రియాక్టరు కట్టింది. 2023 అక్టోబరులో అందులో గొలుసు చర్య మొదలైంది. 2024లో థోరియం కూడా కలిపారు. అమెరికా, ఐరోపాల్లోనూ కొన్ని కంపెనీలు ఇలాంటి రియాక్టర్లకు నమూనాలు గీస్తున్నాయి.

మనకూ దీనితో సంబంధం ఉంది. థోరియం దొరికే మోనజైట్ ఇసుక మన దేశపు తీరాల్లో పుష్కలం. ఆంధ్రప్రదేశ్‌లో శ్రీకాకుళం, విశాఖ తీరాల ఇసుకలోనూ, భీమిలి దగ్గరా అది ఉంది. థోరియం నేరుగా మండదు. న్యూట్రాన్‌ను మింగి, కొన్ని వారాల్లో యురేనియం-233గా మారుతుంది. ఈ పనికి కరిగిన ఉప్పు అనువైన పాత్ర అని చాలామంది నమ్మకం. ముంబైలోని బాబా అణు పరిశోధన కేంద్రం కూడా కరిగిన ఉప్పుతో నడిచే రియాక్టరుకు రూపకల్పన చేస్తోంది.

ఓక్ రిడ్జ్ వాళ్లు రాసిపెట్టిన లెక్కలు వీళ్లందరికీ పెద్దబాలశిక్ష లాంటివి. జినాన్‌ను తోడేసే ఉపాయం, బెరీలియం చిట్కా, టెల్లూరియం పగుళ్ల మందు... అన్నీ అందులోవే. వాటితోపాటు 1994 పాఠం కూడా ఉంది. రేపు ఏ దేశమైనా, మన దేశమైనా, 'ఉప్పు రియాక్టరు కడతాం' అని చెప్పినప్పుడు ఎన్ని మెగావాట్లని అడగడంతో ఆగకూడదు. వాయువులు ఏ గదిలో ఆగుతాయి? గోడకు అంటినవాటిని ఎవరు, ఎలా తీస్తారు? ఆపేసిన ఏడాది లోపు ఉప్పును ఎక్కడికి చేరుస్తారు? అందుకు డబ్బు ఇప్పుడే పక్కన పెట్టారా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు కాగితం మీద కనిపించాకే పొయ్యి వెలిగించాలి.

ఎంతకాలం ఉంటాయి?

రేడియోధార్మిక పదార్థంలో సగం మారిపోవడానికి పట్టే సమయాన్ని అర్ధజీవిత కాలం అంటారు. బూడిదలో కొన్నింటి లెక్క ఇదీ...

జినాన్-135: సుమారు 9 గంటలు
అయోడిన్-131: 8 రోజులు
స్ట్రాన్షియం-90: సుమారు 29 ఏళ్లు
సీసియం-137: సుమారు 30 ఏళ్లు
టెక్నీషియం-99: రెండు లక్షల ఏళ్లకు పైగా